చిన్న జట్ల వీధి బాల్ హాకీ టోర్నమెంటు: నియమాలు ఎలా రాసుకోవాలి?

జట్టుకు ఎంతమంది ఉండాలి? ఆఫ్‌సైడ్ ఉంటుందా? మూడు జట్లకు పాయింట్లు సమానమైతే ఎవరు ముందుకు వెళ్తారు? వీధి బాల్ హాకీ పోటీ పెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఈ మూడింటి దగ్గరే ఆగుతాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పి అలసిపోయి, అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. హాకీ అనగానే చాలామందికి పచ్చిక మీదో టర్ఫ్ మీదో ఆడే హాకీ గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఇది ఐస్ హాకీకి నేల మీది తమ్ముడు. స్కేట్లకు బదులు మామూలు బూట్లు, మంచుకు బదులు తారు నేల, పక్‌కు (మంచు మీద జారే గుండ్రటి రబ్బరు బిళ్లకు) బదులు ప్లాస్టిక్ బంతి. మైదానం హాకీలో స్టిక్కుకు ఒకవైపుతోనే బంతిని ఆడాలి, బంతి కాలికి తగలకూడదు. ఇక్కడ బ్లేడు రెండు వైపులా వాడవచ్చు, కాలితో బంతిని ఆపవచ్చు. రెండు ఆటల నుంచీ వచ్చినవాళ్లు ఒకే జట్టులో ఉంటే మొదటి ఐదు నిమిషాల్లోనే వాదన మొదలవుతుంది. అందుకే ఈ తేడాను నియమాల కాగితంలో మొదటి వాక్యంగా పెట్టండి.

నేను పాటించే సూత్రం ఒక్కటే: ఒంటరిగా నిలబడిన ఒక రిఫరీ తన కళ్లతో చూసి తేల్చలేని నియమాన్ని రాయకూడదు. పెద్ద రింకుల్లో, అంటే పూర్తి కొలతల హాకీ కోర్టుల్లో, ఇద్దరు రిఫరీలు, గడియారం చూసేవాళ్లు, స్కోరు రాసేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. మీ దగ్గర ఒక విజిల్, ఒక ఫోను ఉంటాయి. నియమాలూ ఆ మేరకే ఉండాలి.

కావలసినవి

- సమతలంగా, పగుళ్లు లేకుండా ఉన్న తారు లేదా సిమెంటు నేల. సుమారు 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటే ముగ్గురేసి ఆటగాళ్లకు సరిపోతుంది. ఇంకొంచెం చిన్నదైనా ఫర్వాలేదు, పెద్దదైతే మాత్రం అలసట పెరుగుతుంది.
- రెండు గోల్ పోస్టులు, వాటిని కదలకుండా ఉంచే ఇసుక సంచులు. ఐస్ హాకీ గోల్ 1.83 మీటర్ల వెడల్పు, 1.22 మీటర్ల ఎత్తు ఉంటుంది. గోల్ కీపర్ ఉంటే ఆ కొలతే మంచిది.
- వీధి హాకీ బంతులు కనీసం ఆరు. ఇవి టెన్నిస్ బంతి అంత పరిమాణంలో ఉంటాయి, దాని అంత ఎగరవు.
- చివర రబ్బరు మూతో టేపో ఉన్న స్టిక్కులు. ఖాళీ గొట్టంలా తెరిచి ఉన్న చివర కంటికి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.
- ప్రతి ఆటగాడికీ హెల్మెట్, చేతి గ్లౌజులు, మోకాలి కింద రక్షణ కవచం, కంటి రక్షణ. గోల్ కీపర్‌కు ముఖమంతా కప్పే మాస్కు తప్పనిసరి.
- సుద్ద లేదా రంగు టేపు, చీపుర్లు, విజిల్, స్కోరు షీట్లు, ప్రథమ చికిత్స పెట్టె, తాగునీరు.
- వీధిలోనే ఆడుతుంటే రోడ్డు మూయడానికి రాతపూర్వక అనుమతి, రెండు చివరలా అడ్డుకంచెలు.

కెనడా వీధుల్లో పిల్లలు ఆడుతున్నప్పుడు ఎవరో ఒకరు 'కార్!' అని అరుస్తారు. అందరూ గోల్ పోస్టులు పక్కకు లాగి, కారు పోయాక మళ్లీ మొదలుపెడతారు. అందమైన ఆచారమే, టోర్నమెంటుకు మాత్రం పనికిరాదు. వాహనం ఒక్కటి కూడా వచ్చే వీలుండకూడదు.

1. నేలను, బంతిని పరీక్షించండి

నియమాల కంటే ముందు నేల. పోటీకి ముందురోజు కోర్టంతా ఊడ్చి, మీరే ఒక చివర నుంచి మరో చివరకు పరుగెత్తి చూడండి. చిన్న గులకరాళ్లు, మ్యాన్‌హోల్ మూతలు, నూనె మరకలు పరుగెత్తినప్పుడే తెలుస్తాయి. తర్వాత కోర్టు మధ్యలో బంతిని మెల్లగా వదలండి. దానంతట అదే ఒక గోల్ వైపు దొర్లిపోతుంటే నేల వాలుగా ఉన్నట్టే. వేరే చోటు దొరకకపోతే సగం ఆటయ్యాక జట్లు వైపులు మారాలన్న నియమం తప్పనిసరి.

బంతి సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ బంతులు చలికి గట్టిపడతాయి, ఎండకు మెత్తబడతాయి. అందుకే వేడి వాతావరణానికి గట్టి రకం, చలికి మెత్తటి రకం అని వేర్వేరుగా అమ్ముతారు. ప్యాకెట్టు మీద ఏ ఉష్ణోగ్రతకు తగినదో రాసి ఉంటుంది, చూసి కొనండి. పరీక్ష సులువు: భుజం ఎత్తు నుంచి బంతిని వదలండి. మోకాలు దాటి ఎగిరితే అది ఈ ఆటకు పనికిరాదు. నేల మీద పడి చప్పగా అతుక్కుపోయినట్టు ఉంటే ఎండకు మెత్తబడిందని అర్థం, నీడలో ఉంచిన మరో బంతిని తీయండి. చలిలో రాయిలా గట్టిపడిన బంతి తగిలితే గాయమవుతుంది, దాన్ని వెంటనే మార్చాలి.

నేల తడిగా ఉంటే ఆట ఆపాలి. 'కొంచెం తడే కదా' అనే మాట దగ్గరే చీలమండలు మడతపడతాయి.

2. జట్టు ఎంతమందో తేల్చండి

చిన్న కోర్టుకు నా ఓటు ముగ్గురు ఆటగాళ్లు, ఒక గోల్ కీపర్. నలుగురైతే 15 మీటర్ల వెడల్పులో పాస్ ఇచ్చే దారులు మూసుకుపోయి ఆట కుమ్ములాటగా మారుతుంది. మీ కోర్టు 40 మీటర్ల పొడవు దాటితే అప్పుడు నలుగురిని ఆలోచించండి.

జాబితాలో కనిష్ఠం ఐదుగురు, గరిష్ఠం ఎనిమిది మంది. గరిష్ఠం ఎందుకంటే, పన్నెండు మందితో వచ్చే జట్టు ప్రతి నిమిషానికీ కొత్త కాళ్లను దింపుతుంది. ఐదుగురితో వచ్చినవాళ్లు సాయంత్రానికి నిలబడలేరు. ఒక ఆటగాడు ఒక్క జట్టులోనే ఆడాలి. మొదటి మ్యాచ్ మొదలయ్యాక జాబితా మారదు. దీనికి ఒక్క మినహాయింపు ఉంచండి: గోల్ కీపర్ గాయపడితే ఎదుటి కెప్టెన్ ఒప్పుకున్న మరో కీపర్‌ను అరువు తెచ్చుకోవచ్చు.

గోల్ కీపర్లు దొరకకపోతే? చిన్న గోల్ పోస్టులు పెట్టి, వాటి ముందు సుద్దతో ఒక గడి గీయండి. అందులో ఎవరూ నిలబడకూడదు. డిఫెండర్ ఆ గడిలో ఉండి షాటును ఆపితే గోల్ ఇచ్చేయాలి. గోల్ కొట్టేవాడు మధ్య గీత దాటి ఉండాలన్న నియమం కూడా చేర్చండి, లేకపోతే అందరూ తమ సగం నుంచే దూరపు షాట్లు కొడుతూ నిలబడతారు.

3. సమయం

పదేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాలు. గడియారం ఆగదు. రెండో భాగం చివరి నిమిషంలో, అదీ తేడా ఒక గోల్ లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు మాత్రమే, విజిల్ పడ్డప్పుడల్లా ఆపాలి. మిగతా సమయంలో బంతి తేవడానికి ఆలస్యం చేస్తే రిఫరీ జేబులో ఉన్న రెండో బంతితో ఆట మొదలుపెడతాడు. ఈ రెండో బంతి చిట్కా ఒక్కటే రోజంతటి మీదా ఎంతో సమయం మిగులుస్తుంది.

ఒక్కో మ్యాచ్‌కు అరగంట కేటాయించండి. ఆట 22 నిమిషాలు, మిగిలిన ఎనిమిదీ జట్లు మారడానికి, పెనాల్టీలకు, కట్టు కట్టడానికి సరిపోతాయి. సమయానికి రాని జట్టు కోసం ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాత ఎదుటి జట్టుకు 5–0 విజయం రాసేయండి. మొహమాటపడి పదిహేను నిమిషాలు ఆగితే సాయంత్రం ఫైనల్ చీకట్లో ఆడాల్సి వస్తుంది.

4. ఆట నడిచే నియమాలు

వీటిని ఉన్నది ఉన్నట్టు మీ కాగితంలోకి ఎక్కించుకోవచ్చు.

- ఆఫ్‌సైడ్ (బంతి కంటే ముందే ఎదుటివాళ్ల వైపు గీత దాటడం) లేదు. ఐసింగ్ (తమ సగం నుంచి బంతిని ఎదుటి గోల్ గీత అవతలికి కొట్టేయడం) లేదు. పెద్ద రింకుల్లో బాల్ హాకీకి ఆఫ్‌సైడ్ గీతలుంటాయి, ఇంత చిన్న కోర్టులో వాటిని చూడటానికి మరో రిఫరీ కావాలి.
- ఫేస్-ఆఫ్ (ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి మధ్య రిఫరీ బంతిని వదలడం) ప్రతి భాగం మొదట్లో ఒక్కసారే. గోల్ పడ్డాక బంతి గోల్ ఇచ్చిన జట్టుదే, తమ గోల్ వెనుక నుంచి మొదలుపెడతారు.
- బంతి బయటికి పోతే, చివరగా తాకిన జట్టుకు ఎదుటివాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ప్రత్యర్థులు మూడు మీటర్ల దూరంలో ఉండాలి.
- గాలిలో బంతిని చేత్తో ఆపి వెంటనే తన కాళ్ల దగ్గర వదలవచ్చు. పట్టుకుని పరుగెత్తకూడదు, చేత్తో పాస్ ఇవ్వకూడదు.
- కాలితో ఆపవచ్చు, పాస్ ఇవ్వవచ్చు. కావాలని తన్నిన బంతి గోల్‌లోకి పోతే చెల్లదు. డిఫెండర్ కాలికి తగిలి లోపలికి పోతే చెల్లుతుంది.
- స్టిక్కు నడుము కంటే పైకి లేవకూడదు, షాటు కొట్టడానికి వెనక్కి ఎత్తినప్పుడూ, కొట్టాక ఊపులోనూ. అంటే స్లాప్ షాట్ నిషేధం. మణికట్టుతో కొట్టే షాటు చాలు.
- గోల్ కీపర్ బంతి మీద పడి మూడు సెకన్లు ఉంచితే విజిల్. బంతి అతని జట్టుకే.
- దాడి చేసేవాడు బంతి లేకుండా కీపర్ క్రీజులో (గోల్ ముందు గీసిన గడిలో) నిలబడకూడదు. నిలబడి ఉండగా పడిన గోల్ చెల్లదు.
- బంతి మొత్తం గీత దాటితేనే గోల్. దాడి చేసేవాళ్లు పోస్టును కదిపితే గోల్ లేదు. డిఫెండర్ కావాలని కదిపితే పెనాల్టీ షాట్.
- ఆటగాళ్ల మార్పు ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా. బయటికి వచ్చేవాడు బెంచి గీతను తాకాకే కొత్తవాడు లోపలికి వెళ్లాలి.

నడుము ఎత్తు నియమం కొందరికి చాదస్తంగా అనిపిస్తుంది. ఐస్ హాకీలో భుజం ఎత్తు కొలమానం. ఇక్కడ మనుషులు దగ్గర దగ్గరగా ఉంటారు, పైగా అందరికీ పూర్తి కవచాలు ఉండవు. పెద్దలు మాత్రమే ఆడే పోటీలో, అందరూ ముఖ కవచాలు పెట్టుకుంటే భుజం వరకూ సడలించవచ్చు. పిల్లలుంటే సడలించకండి.

ఇంకో చిన్న సంగతి: గోల్ వలలో రంధ్రాలున్నాయేమో ప్రతి మ్యాచ్‌కు ముందు కీపర్లిద్దరితోనూ చూపించండి. ఒకసారి నేను నడిపిన సెమీఫైనల్లో బంతి పక్క వలలోని చిరుగు గుండా లోపలికి దూరింది. సగం మంది గోల్ అన్నారు, సగం మంది కాదన్నారు. నేను గోల్ ఇచ్చాను. తర్వాత వలను వేలితో పట్టి చూస్తే పిడికిలంత చిరుగు. అన్యాయంగా గోల్ పడ్డ ఆ జట్టు ముఖం చూడటానికి నాకు చాలాకాలం పట్టింది.

5. తప్పులు, శిక్షలు

అసలు కష్టం ఇక్కడే. ఐస్ హాకీలో చిన్న తప్పుకు ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చుంటాడు. ఐదుగురిలో ఒకరు తగ్గడం వేరు, ముగ్గురిలో ఒకరు తగ్గడం వేరు. ఇరవై నిమిషాల మ్యాచ్‌లో రెండు నిమిషాలంటే పదో వంతు కూడా. పైగా ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో లెక్కపెట్టడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని శిక్షను మూడు మెట్లుగా పెట్టుకోండి.

మొదటి మెట్టు: బంతి ఎదుటివాళ్లకు. చేతి పాస్, క్రీజులో నిలబడటం, ఎవరికీ తగలకుండా స్టిక్కు పైకెత్తడం వంటివాటికి.

రెండో మెట్టు: పెనాల్టీ షాట్. కాలు అడ్డం పెట్టడం, స్టిక్కుతో లాగడం, చేతుల మీద కొట్టడం, పట్టుకోవడం, తోయడం, కోర్టులో ఎక్కువమంది ఉండటం. శరీరంతో ఢీకొట్టడం ఈ ఆటలో ఎక్కడా అనుమతించకండి, కింద పడితే తారు నేల. ఒకే ఆటగాడు ఒక మ్యాచ్‌లో మూడుసార్లు ఈ మెట్టు ఎక్కితే ఆ మ్యాచ్ నుంచి బయటికి. అతని స్థానంలో మరొకరు ఆడవచ్చు.

మూడో మెట్టు: పెనాల్టీ షాట్‌తో పాటు ఆ మ్యాచ్, తర్వాతి మ్యాచ్ రెండింటి నుంచీ తొలగింపు. వెనుక నుంచి తోయడం, స్టిక్కుతో గాయపరచడం, రిఫరీని దూషించడం. చెయ్యి చేసుకున్నవాడు టోర్నమెంటు నుంచే బయటికి పోతాడు, ఎవరు ముందు కొట్టారన్న విచారణ లేదు.

పెనాల్టీ షాట్ ఎలా వేయాలో కూడా రాయండి, ఎందుకంటే ప్రతి ఒక్కరికీ ఒక్కో పద్ధతి తెలిసి ఉంటుంది. బంతి మధ్య గీత మీద ఉంటుంది. విజిల్ పడ్డాక ఆటగాడు పరుగెత్తుతూ వెళ్లి ఒక్కసారే కొట్టాలి. బంతి ఎప్పుడూ ముందుకే కదలాలి. తిరిగొచ్చిన బంతిని మళ్లీ కొట్టకూడదు. మిగతావాళ్లంతా మధ్య గీత వెనుక. గోల్ కాకపోతే బంతి కీపర్ జట్టుకు.

పెనాల్టీ షాట్లు మరీ ఎక్కువవుతున్నాయనిపిస్తే ప్రత్యామ్నాయం: తప్పు చేసినవాడు ఒక నిమిషం బయట కూర్చోవడం, ఎదుటివాళ్లు గోల్ కొడితే వెంటనే లోపలికి రావడం. నలుగురేసి ఆడే పోటీకి ఇది బాగానే కుదురుతుంది.

తలకు దెబ్బ తగిలిన ఆటగాడు ఆ రోజుకు మళ్లీ దిగకూడదు. 'బాగానే ఉన్నాను' అని అతను ఎంత చెప్పినా సరే. ఈ నిర్ణయం కెప్టెన్‌కు వదలకండి.

6. మ్యాచ్‌ల పట్టిక

ఎనిమిది జట్లుంటే రెండు గ్రూపులు. గ్రూపులో ఒక్కో జట్టు మిగతా మూడింటితో ఆడితే గ్రూపుకు ఆరు, మొత్తం 12 మ్యాచ్‌లు. రెండు సెమీఫైనళ్లు, మూడో స్థానం పోటీ, ఫైనల్ కలిపి 16. ఒక కోర్టు మీద ఎనిమిది గంటలు, రెండు కోర్టుల మీద నాలుగు. ఐదు జట్లే ఉంటే అందరూ అందరితో ఆడండి, పది మ్యాచ్‌లు, ఆపైన ఫైనల్.

నాలుగు జట్ల గ్రూపుకు వరస ఇది: మొదట 1–2, 3–4. తర్వాత 1–3, 2–4. చివరగా 1–4, 2–3.

రెండు కోర్టులున్నవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక గ్రూపును ఒక కోర్టుకు, రెండో గ్రూపును రెండో కోర్టుకు కట్టేస్తారు. చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ 3–4 మ్యాచ్ అయిన వెంటనే ఏ మ్యాచ్ పెట్టినా, 1–2 మళ్లీ ఆడితే తప్ప, మూడో జట్టో నాలుగో జట్టో విరామం లేకుండా మళ్లీ దిగాల్సిందే. వరస ఎలా మార్చినా ఇది తప్పదు. కాబట్టి మొదటి అరగంట రెండు కోర్టుల్లోనూ మొదటి గ్రూపును, తర్వాతి అరగంట రెండో గ్రూపును ఆడించండి. ప్రతి జట్టుకూ మధ్యలో అరగంట విశ్రాంతి దొరుకుతుంది. ఆడని గ్రూపు నుంచే స్కోరు రాసేవాళ్లనూ తీసుకోవచ్చు.

పట్టిక సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక్కో జట్టు పేరు మీద ఒక్కో రంగు పెన్నుతో గీత గీయండి. ప్రతి రంగూ సరిగ్గా మూడుసార్లు రావాలి, వరసగా రెండు గడుల్లో ఎక్కడా రాకూడదు.

7. పాయింట్లు సమానమైతే

గెలుపుకు రెండు, సమానమైతే ఒకటి. గ్రూపు దశలో అదనపు సమయం వద్దు.

ఇద్దరికి సమానమైతే వాళ్లిద్దరూ ఆడిన మ్యాచ్‌లో గెలిచినవాళ్లు పైన. ఇంతవరకూ అందరూ రాస్తారు. చిక్కు ముగ్గురితో. మొదటి జట్టు రెండో జట్టును, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని ఓడించి, ముగ్గురూ నాలుగో జట్టును ఓడిస్తే ముగ్గురికీ నాలుగేసి పాయింట్లు. పరస్పర మ్యాచ్ ఏమీ తేల్చదు. అప్పుడు గోల్స్ తేడా చూస్తారు, అది కాస్తా నాలుగో జట్టును ఎవరు ఎక్కువ చితకబాదారన్న లెక్కగా మారుతుంది. పాపం, ఆ నాలుగో జట్టు సాధారణంగా పిల్లలో కొత్తవాళ్లో అయి ఉంటారు.

అందుకని ఒక మ్యాచ్‌కు గోల్స్ తేడాను ఐదుకు మించి లెక్కించకండి. 11–1 గెలిచినా తేడా ఐదే. ముగ్గురు సమానమైనప్పుడు వరస ఇలా: ఆ ముగ్గురి మధ్య మ్యాచ్‌ల పాయింట్లు, ఆ మ్యాచ్‌ల గోల్స్ తేడా, గ్రూపు మొత్తం గోల్స్ తేడా, తక్కువ గోల్స్ ఇచ్చినవాళ్లు, చివరికి చీటీ. ఏదైనా ఒక మెట్టు దగ్గర ఒక జట్టు విడిపోతే, మిగిలిన ఇద్దరికీ మళ్లీ మొదటి నుంచి, అంటే వాళ్లిద్దరి మ్యాచ్ నుంచి, చూడాలి. ఈ చివరి వాక్యం రాయని కాగితాలే ఎక్కువ, గొడవ వచ్చేది సరిగ్గా అక్కడే.

సెమీఫైనల్, ఫైనల్ సమానమైతే ఐదు నిమిషాలు, మొదటి గోల్‌తో ముగింపు. అప్పటికీ తేలకపోతే ముగ్గురేసి పెనాల్టీ షాట్లు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా. ముగ్గురూ వేసేదాకా ఒకరే మళ్లీ వేయకూడదు.

8. కాగితం పనిచేస్తుందో లేదో చూడండి

నియమాలన్నీ ఒక కాగితం రెండు వైపులా పట్టాలి. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయకండి, నియమాలు తీసేయండి.

తర్వాత ఈ పరీక్ష చేయండి. ఆటలో వచ్చే పది సందర్భాలు రాసుకోండి: కీపర్ విసిరిన బంతి నేరుగా ఎదుటి గోల్‌లో పడింది, స్టిక్కు విరిగినా ఆటగాడు ఆడుతూనే ఉన్నాడు, విజిల్‌తో పాటే బంతి గీత దాటింది. ఇలాంటివి. మీ రిఫరీలను విడివిడిగా కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి జవాబులు అడగండి. రెండు రకాల జవాబులు వచ్చిన ప్రతిచోటా మీ వాక్యం అస్పష్టంగా ఉంది. రిఫరీల తప్పు కాదు, దాన్ని తిరిగి రాయండి. పై మూడింటికీ నేను పెట్టుకున్న జవాబులు: మొదటిదానికి, గోల్ కాదు, ఎదుటివాళ్లకు బంతి. రెండోదానికి, విరిగిన స్టిక్కు వెంటనే వదిలేయాలి, లేకపోతే పెనాల్టీ షాట్. మూడోదానికి, విజిల్ తర్వాతదేదీ చెల్లదు, అనుమానమైతే గోల్ లేదు.

వీలైతే వారం ముందు పది నిమిషాల స్నేహపూర్వక మ్యాచ్ ఒకటి ఆడించి, ఆట ఎన్నిసార్లు వాదన కోసం ఆగిందో లెక్కపెట్టండి. రెండు సార్లకు మించితే ఇంకా సిద్ధంగా లేరు.

పోటీ ఉదయం కెప్టెన్లందరినీ పిలిచి శిక్షల భాగం, పాయింట్లు సమానమయ్యే భాగం మాత్రం గట్టిగా చదివి సంతకాలు తీసుకోండి. మిగతావి వాళ్లు చదువుకుంటారు, లేదా చదవరు. ఫిర్యాదు కెప్టెన్ ఒక్కడే చేయాలి, మ్యాచ్ ముగిసిన పది నిమిషాల లోపు, అదీ నియమం తప్పుగా అమలైందని మాత్రమే. కాలు అడ్డం పెట్టాడా లేదా అన్నది రిఫరీ చూసినదే, దాని మీద ఫిర్యాదు లేదు.

స్కోరు షీట్ల వెనక కొంచెం ఖాళీ ఉంచి, గొడవ వచ్చిన ప్రతి నియమం సంఖ్యనూ అక్కడ రాయించండి. మరుసటి పోటీకి ఈ ఎనిమిదో అంశంలోని పది సందర్భాలు ఆ షీట్ల నుంచే తీసుకోవచ్చు.